అచ్చుకెక్కని న్యాయం

వేసవి సెలవులలో ఒకనాటి సాయంకాలం మా వీధి చివర కాపురముండే ఒక పెద్దమ్మ చేతిసంచీ పట్టుకొని మా ఇంటికి వచ్చింది. సంచీలోంచి కాగితాల కట్ట ఒకటి తీసి నా చేతికిచ్చింది. అది హైకోర్టు తీర్పు నకలు. ఆమెకు ఎప్పుడో ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూమి ఒక ఎకరం పైచిలుకు వున్నది. అందులో సగాన్ని రోడ్డు కోసం తీసుకున్నారు. అది సొంత పట్టా భూమి కాదు గనుక సరియైన పరిహారం రాదన్నారు. ఆమె కోర్టుకెక్కింది, కొన్ని సంవత్సరాలు తిరిగింది. చివరకు ఆమె గెలిచిందని ప్లీడరు గుమాస్తా కబురు చెప్పాడు. కాని తాను గెలిచింది ఏమిటో ఆమెకు తెలియదు.

"మేష్టారూ, మీరు పెద్ద చదువులు చదివారు గదా, ఇందులో ఏం రాశారో కాస్త చెప్పండి బాబూ" అన్నది.

పదునాలుగు పుటలు. అంతా ఇంగ్లీషు. నేను తెలుగు ఎం.ఎ.ని. ఇంగ్లీషు చదవగలను గాని ఆ ఇంగ్లీషు నాకు కొత్త. కూడబలుక్కుంటూ చదువుతున్నాను. ఆమెకు అక్షరాలు రావు గాని అంకెలు వచ్చు. నా భుజం మీదుగా కాగితంలోకి వంగి, ఒక చోట వేలు పెట్టి, "ఇదేనా బాబూ డబ్బు? సెంటుకి రెండువందల యాభయ్యా?" అని అడిగింది.

ఆమె వేలు పెట్టిన చోట "ఎ.ఐ.ఆర్. 2004 ఎ.పి. 250" అని వున్నది. ఆ 250 రూపాయలు కావు, పుట సంఖ్య. ఆలిండియా రిపోర్టరు అనే తీర్పుల సంపుటాలలో, 2004వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విభాగంలో, 250వ పుట. అక్కడ మేకల పాండు కేసు తీర్పు అచ్చయి వున్నది. ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన భూములను తిరిగి తీసుకునేటప్పుడు, సొంత పట్టాదారులకు ఇచ్చినట్లే వారికీ పరిహారం ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో ఆ కేసులో చెప్పింది. మా పెద్దమ్మ గెలుపంతా ఆ పుట మీద నిలబడి వున్నది. ఆమె మాత్రం ఆ పుట అంకెను చూసి తన భూమి ధర అనుకొన్నది.

ఈ సంఘటన నన్ను చాలాకాలం వెంటాడింది. హైకోర్టు తీర్పులు ఏ విధంగా ప్రచురణ పొందుతాయి, వాటిని ఏ విధంగా ఉటంకిస్తారు అనేది వకీళ్లకు మాత్రమే సంబంధించిన విషయమని అంతవరకూ నేననుకొన్నాను. అది నిజానికి ఒక నైతిక ప్రశ్న అని ఇప్పుడు తోస్తున్నది. మనిషిని కట్టివేసే మాట ఆ మనిషికి అందకుండా వుంటే, ఆ కట్టు న్యాయమైనదేనా? ఈ వ్యాసంలో నేను చర్చించదలచినది ఇదే.

చట్టం తెలియదనడం సాకుగా చెల్లదని మన న్యాయస్థానాలన్నీ ఒప్పుకొన్న సూత్రం. ఈ సూత్రం లేకపోతే ఏ నేరస్థుడైనా నాకు తెలియదని తప్పించుకొంటాడు గనుక, దానిని తీసివేయమని ఎవరూ అడగరు. కాని ఈ సూత్రానికి రెండవ వైపు ఒకటి వున్నది. తెలుసుకొని తీరాలని పౌరుణ్ణి శాసించే రాజ్యం, తెలుసుకునే మార్గం చూపించి తీరాలి. ఈ రెండవ వైపును మన సుప్రీంకోర్టే 1951లో హర్లా కేసులో స్పష్టం చేసింది.

ఆ కేసు చిన్నది. జైపూరు సంస్థానంలో మహారాజు మైనరుగా వున్న రోజులలో, 1923లో, అక్కడి మంత్రిమండలి ఒక తీర్మానం ద్వారా నల్లమందు చట్టం చేసింది. దానిని గెజెటులో అచ్చు వేయలేదు. మరే విధంగానూ ప్రజలకు తెలియజేయలేదు. అయినా దాని కింద హర్లా అనే వ్యక్తికి శిక్ష పడింది. శిక్ష 50 రూపాయల జరిమానా. ఈ 50 రూపాయల తగవు సుప్రీంకోర్టు దాకా పోయింది. జస్టిస్ వివియన్ బోస్ రాసిన తీర్పు ఆ శిక్షను కొట్టివేసింది. మనిషికి తెలియని, తెలుసుకోవాలని ప్రయత్నించినా తెలియరాని చట్టం కింద అతణ్ణి శిక్షించడాన్ని నాగరిక సమాజపు అంతరాత్మ ఒప్పుకోదనీ, ఏదో ఒక రూపంలో ప్రకటించనిదే చట్టానికి ప్రాణం రాదనీ ఆ తీర్పు సారాంశం.

ఇప్పుడు ఒక అడుగు ముందుకు వేద్దాం. చట్టమంటే శాసనసభ రాసిన వాక్యాలు మాత్రమే కావు. ఆ వాక్యాలకు అర్థమేమిటో నిర్ణయించేది కోర్టు. "పరిహారం" అని చట్టంలో వున్నది; ఆ పరిహారం డి-పట్టా మనిషికి దక్కుతుందా అనేది చెప్పింది హైకోర్టు. రాష్ట్రంలోని అత్యున్నత న్యాయస్థానం చెప్పిన మాట దాని కిందనున్న అధికారులనూ ట్రిబ్యునళ్లనూ కట్టివేస్తుందని 1962లో సుప్రీంకోర్టు నిర్ణయించింది. ఆ మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ కోకా సుబ్బారావుగారు, 1954లో గుంటూరులో వెలసిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి. కనుక హైకోర్టు తీర్పు ఇద్దరు కక్షిదారుల మధ్య తగవు పరిష్కారం మాత్రమే కాదు. మూడవవాడికి కూడా అది శాసనం. శాసనానికి ప్రకటన ప్రాణమైనప్పుడు, ఈ శాసనానికి మాత్రం ప్రకటన ఎందుకు అక్కరలేదు?

అక్కరలేదని ఎవరూ అనలేదు. బ్రిటిషు ప్రభుత్వం 1875లో ఇండియన్ లా రిపోర్టుల చట్టం చేసింది. మరుసటి సంవత్సరం నుంచి కలకత్తా, మద్రాసు, బొంబాయి, అలహాబాదు హైకోర్టుల తీర్పులు ప్రభుత్వ అనుమతితో సంపుటాలుగా వెలువడసాగాయి. ప్రభుత్వ అధికారంతో ప్రచురించిన రిపోర్టును తప్ప మరొక రిపోర్టును వినవలసిన బాధ్యత ఏ కోర్టుకూ లేదని ఆ చట్టం అన్నది. అదే చట్టం మరొక మాట కూడా చెప్పింది. దీనివల్ల ఏ తీర్పు అధికారమూ పెరగదు, తరగదు అని. అంటే తీర్పుకు బలం ఇచ్చేది న్యాయమూర్తి సంతకమే గాని ముద్రాపకుని సిరా కాదు.

సిద్ధాంతం ఇది. ఆచరణ మరొక దారి పట్టింది. ప్రభుత్వ సంపుటాలు ఆలస్యంగా వచ్చేవి. ఆ ఖాళీని ప్రైవేటు ప్రచురణకర్తలు నింపారు. మద్రాసులో 1891లోనే మద్రాస్ లా జర్నల్ మొదలయింది. 1914వ సంవత్సరపు తీర్పులతో ఆరంభమయ్యే ఆలిండియా రిపోర్టరు నాగపూరు నుంచి దేశమంతా వ్యాపించింది. మన ప్రాంతానికి ఆంధ్ర వీక్లీ రిపోర్టరు, ఆంధ్ర లా టైమ్స్, ఆంధ్ర లీగల్ డెసిషన్స్ వంటివి వచ్చాయి. ఒకే తీర్పుకు నాలుగు పత్రికలలో నాలుగు అంకెలు. కోర్టులు వీటినన్నిటినీ అంగీకరించాయి. అచ్చుకాని తీర్పునైనా ధ్రువీకరించిన నకలు తెచ్చి చూపితే వింటూనే వచ్చాయి. వినడంలో కోర్టులు ఉదారంగానే వున్నాయి. చిక్కల్లా ఆ తీర్పు వున్నదని ఎవరికి తెలుస్తుంది అన్న చోట వచ్చింది.

ఈ గొలుసు ఎంత పొడవైనదో కూడా గమనించాలి. 1954 జూలై 5కు ముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులు ఆంధ్ర హైకోర్టుకు కూడా శిరోధార్యమేనని 1955లో సుబ్బారాయుడు కేసులో పూర్తి ధర్మాసనం తేల్చింది. గుంటూరులోని కోర్టు 1956లో హైదరాబాదు చేరింది. 2019 జనవరి 1 నుంచి అమరావతిలో, హైదరాబాదులో వేరువేరు హైకోర్టులయ్యాయి. గొలుసు మాత్రం తెగలేదు. శ్రీకాకుళం రైతు పొలంగట్టు తగవులో, ఎన్నడో చెన్నపట్నంలో ఇంగ్లీషులో అచ్చయిన పుట నేడు కూడా సాక్ష్యం చెప్పవచ్చు. అటు తెలంగాణలో నిజాం కోర్టులు ఉర్దూలో నడిచాయి. నజీరు అనే మాట ఆ కోర్టులనుంచే మన పల్లెలకు వచ్చింది. సర్కారు రైతుకు ఇంగ్లీషు, తెలంగాణ రైతుకు మొదట ఉర్దూ, తరువాత ఇంగ్లీషు. ఇద్దరి తలరాతా తెలుగులో లేదు.

తిరిగి మా పెద్దమ్మ కాగితాల దగ్గరికి వస్తాను. మొదటి పుటలోనే మూడు ప్రశ్నలు కనిపించాయి. మా హైకోర్టు తీర్పులలో ఇవి తరచుగా కనిపించేవేనని తరువాత తెలిసింది. స్థానిక వార్తాపత్రికల విలేఖరులను ఈ తీర్పు చూడనివ్వవచ్చునా? లా రిపోర్టర్లకు, జర్నళ్లకు దీని ప్రతులు పంపవచ్చునా? న్యాయమూర్తులవారు శుద్ధప్రతిని చూడదలచారా? ఒక్కొక్క ప్రశ్న ఎదుట అవును, కాదు అనే రెండు మాటలు. నా చేతిలోని నకలులో రెండవ ప్రశ్న ఎదుట వున్న జవాబు "కాదు".

ఇందులో దురుద్దేశం ఏదీ లేదని ముందుగానే ఒప్పుకొంటున్నాను. అన్ని తీర్పులూ అచ్చువేయడం సాధ్యం కాదు. వేసినా మేలు కాదు. వేల తీర్పులు రోజూ వస్తాయి. వాటిలో చాలా భాగం పాత సూత్రాన్ని కొత్త సంగతులకు అన్వయించేవే. మా పెద్దమ్మ తీర్పు కూడా అటువంటిదే. మేకల పాండు కేసు చెప్పినదే ఇది మళ్లీ చెప్పింది. కొత్త సూత్రం లేనప్పుడు మళ్లీ అచ్చు ఎందుకు? చెత్తలో గింజ కనిపించదు గనుక ఏరడం అవసరమే. ఇది న్యాయమూర్తుల పక్షాన చెప్పగల బలమైన వాదం. నేను దానిని తేలికగా తోసివేయడం లేదు.

కాని ఏరేవాడు ఏ చూపుతో ఏరుతున్నాడు? ఈ వాదంలో కొత్తదనమనేది న్యాయశాస్త్రం దృష్టిలో కొత్తదనం. ప్రజల దృష్టిలో మరొక కొలత వుంటుంది. ఒక సూత్రం 2004లో స్థిరపడిన తరువాత కూడా ఒక బీదస్త్రీ దానికోసం మళ్లీ కోర్టుకెక్కవలసి వచ్చిందంటే, అదే పెద్ద వార్త. సూత్రం అచ్చులో వున్నది, ఆచరణలో లేదు అని ఆ తీర్పు సాక్ష్యం చెబుతున్నది. న్యాయశాస్త్రానికి పునరుక్తిగా కనిపించేది సమాజానికి ఆరోపణ కావచ్చు. ఆ ఆరోపణ పునరుక్తి పేరుతో మరుగున పడుతున్నది.

మా వూరి బారు అసోసియేషను లైబ్రరీలో కూర్చొని నాలుగు రోజులు రిపోర్టుల సంపుటాల విషయసూచికలు తిరగవేశాను. పన్నుల తగాదాలు, కంపెనీల తగాదాలు, కాంట్రాక్టుల తగాదాలు పేజీలకు పేజీలు. కూలీలవి, పాకీపనివారివి, ఒంటరి ఆడవాళ్లవి లేవని అనను, వున్నాయి. హర్లా కూడా అందులో వున్నాడు గదా! అయితే ఒకటి గమనించాను. ఖర్చు పెట్టగలవాడు పెద్ద వకీలును పెట్టుకొంటాడు, పెద్ద వకీలు కొత్త వాదం తెస్తాడు, కొత్త వాదం వల్ల తీర్పు కొత్తదవుతుంది, కొత్తదైనందువల్ల అచ్చవుతుంది, అచ్చయినందువల్ల మరొక వకీలుకు ఆయుధమవుతుంది. బీదవాని కేసు పది నిమిషాలలో తేలిపోతుంది. గెలిచినా అది ఆ ఒక్కని గెలుపుగానే మిగిలిపోతుంది. దీనికి పాలకవర్గం కుట్ర చేయనక్కరలేదు. అలవాటే ఆ పని చేసిపెడుతుంది.

అచ్చు ఎల్లప్పుడూ మేలే చేస్తుందని కూడా నేననను. అత్యాచారానికి గురైన స్త్రీ పేరు బయటపెట్టకూడదని చట్టమే అంటున్నది, అది న్యాయం. కుటుంబ తగాదాలలో పసిపిల్లల పేర్లు ఊరంతటికీ చెప్పనక్కరలేదు. కాని పేరు దాచడం వేరు, తీర్పు దాచడం వేరు. పేరు ఆ మనిషిది, తీర్పు అందరిదీ.

తీర్పు అందరిదీ అన్నాను. చట్టం కూడా అదే అంటున్నది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, కోర్టు ప్రత్యేకంగా నిషేధిస్తే తప్ప, తీర్పును ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. అయితే ఈ విషయం 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు ముందుకు మరొక రూపంలో వచ్చింది. లక్నో నుంచి 1969 మొదలు సుప్రీంకోర్టు తీర్పులను ప్రచురిస్తున్న ఈస్టర్న్ బుక్ కంపెనీ, ఆ తీర్పులను సి.డి.లలోకి ఎక్కించినవారి మీద దావా వేసింది. తీర్పు మూలపాఠం మీద ఎవరికీ హక్కు లేదని కోర్టు చెప్పింది. కాని ప్రచురణకర్త స్వయంగా రాసిన హెడ్‌నోటు మీద, తన తెలివితో విడగొట్టి అంకెలు వేసిన పేరాల మీద అతనికి హక్కు వుంటుందన్నది.

తెలుగు చదువుకొన్నవాడికి ఈ తగవు చిరపరిచితమైనది. ఇది మూలానికీ టీకకూ మధ్య తగవు. మన కొలచాల మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్యానం రాసేటప్పుడు మూలంలో లేనిది ఏదీ రాయనని ప్రతిజ్ఞ చేశాడు. ఆ ప్రతిజ్ఞ చేయవలసి వచ్చిందంటే, అటువంటి వ్యాఖ్యానాలు కూడా లోకంలో వున్నాయన్నమాట. హెడ్‌నోటు కూడా ఒక టీకే. తొందరలో వున్న వకీలు టీకనే చదువుతాడు. తొందరలో వున్న అధికారి టీకనే చూపుతాడు. మా విద్యార్థులు పరీక్షలో పద్యం చదవకుండా తాత్పర్యం రాసినట్లే. టీకాకారుని శ్రమను నేను చిన్నచూపు చూడడం లేదు. ఆ శ్రమ లేకపోతే ఈ అరణ్యంలో దారి దొరకదు. సుప్రీంకోర్టు గుర్తించినది కూడా ఆ శ్రమనే. కాని మరొక శ్రమ సంగతి ఎవరు గుర్తించారు? పేరాకు అంకె వేసినవానికి హక్కు వున్నది. కేసు వేసి, కూలి మాని, బస్సు చార్జీలకు అప్పుచేసి, ఏండ్ల తరబడి తిరిగి ఆ తీర్పు పుట్టడానికి కారణమైన మనిషికి దానిని చదువుకొనే మార్గం కూడా లేదు. తప్పు ప్రచురణకర్తది కాదు. తాను చేయవలసిన పనిని శతాబ్దంపాటు అంగడికి వదిలివేసిన రాజ్యానిది.

రాజ్యం ఇటీవల ఈ దిశలో కొంత కదిలిందని ఒప్పుకోవడం న్యాయం. 2023 జనవరిలో సుప్రీంకోర్టు తన అధికారిక రిపోర్టులను కంప్యూటరులో ఎవరైనా ఉచితంగా చూసుకొనే ఏర్పాటు చేసింది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో తీర్పులకు తటస్థమైన ఉటంకింపు సంఖ్యలను ప్రవేశపెట్టింది. ఏ ప్రచురణకర్త పుటతోనూ పనిలేకుండా, సంవత్సరం, కోర్టు గుర్తు, వరుస సంఖ్య, ఇంతే. హైకోర్టులు కూడా ఈ బాట పట్టాయి. ఇది చిన్న సంస్కరణగా కనిపించవచ్చు. నా దృష్టిలో చాలా పెద్దది. ఇకమీద ప్రతి తీర్పుకూ పుట్టగానే ఒక పేరు వుంటుంది. ఆ పేరు అంగడిలో కొనుక్కొన్నది కాదు.

అయితే చూడవచ్చు అనడం వేరు, కనిపించడం వేరు, అర్థం కావడం వేరు. లక్షల తీర్పుల గుట్టలో మా పెద్దమ్మ తీర్పు కూడా ఇప్పుడు వుండవచ్చు. దానిని వెదకడానికి కావలసిన మాటలు ఆమెకు రావు. దొరికినా చదవడానికి కావలసిన భాష ఆమెది కాదు. తలుపు తెరిచారు, గడప ఎత్తు మాత్రం తగ్గించలేదు.

రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టుల భాష ఇంగ్లీషు. రాష్ట్రపతి ముందస్తు అనుమతితో గవర్నరు రాష్ట్రభాషను హైకోర్టు వ్యవహారాలలో అనుమతించవచ్చు. కాని ఆ వెసులుబాటు తీర్పులకు వర్తించదు. 1963 అధికార భాషల చట్టం తీర్పులకు కూడా దారి తెరిచింది, ఇంగ్లీషు అనువాదం జతపరచాలనే షరతుతో. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బీహారు హైకోర్టులలో హిందీకి ఈ విధంగా చోటు దొరికింది. మనకు 1966లోనే తెలుగును అధికారభాషగా చేసిన చట్టం వున్నది. హైకోర్టు మెట్ల దగ్గర అది ఆగిపోయింది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు ఇచ్చినప్పుడు పత్రికలన్నీ దానిని విశేషవార్తగా రాశాయి. తెలుగువారి తగవును తెలుగులో తీర్చడం విశేషమవడంలోనే మన స్థితి తెలుస్తున్నది.

తీర్పుల అనువాదాలు కూడా మొదలయ్యాయి. యంత్రం తర్జుమా చేస్తుంది, మనుషులు దిద్దుతారు. కాని అటువంటి అనువాదానికి ఒక హెచ్చరిక తగిలిస్తారు. ఇది కక్షిదారు తన భాషలో అర్థం చేసుకోవడానికి మాత్రమే. మరే ప్రయోజనానికీ పనికిరాదు. అమలుకు ఇంగ్లీషు ప్రతే ప్రమాణం. ఆ హెచ్చరికకు న్యాయపరమైన కారణం వున్నది. రెండు పాఠాలు వుంటే పాఠభేదం వస్తుంది, ఒకటే ప్రమాణం కావాలి. ఆ చిక్కు ఎటువంటిదో పాఠభేదాలతో తలలు బద్దలుకొట్టుకొనే మా శాఖవారికి తెలియనిది కాదు. కాని దాని సామాజికార్థం ఏమిటో చూడండి. తెలుగు అర్థం చేసుకోవడానికి, ఇంగ్లీషు అమలు చేయడానికి. ఒక భాషకు జ్ఞానం, మరొక భాషకు అధికారం. ఆ జ్ఞానం కూడా అధికారం లేని జ్ఞానం.

తెలుగుకు ఆ శక్తి లేదనేవారికి ఒక సంగతి గుర్తుచేస్తాను. పదమూడవ శతాబ్దంలో మూలఘటిక కేతన, విజ్ఞానేశ్వరుని మితాక్షరను తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఆనాటి వ్యవహార ధర్మాన్ని, అంటే అప్పులు, సాక్ష్యాలు, దాయభాగాలు, హద్దుల తగాదాలు, వీటన్నిటినీ తెలుగులో చెప్పాడు. ఆ ధర్మంలో శూద్రునికి, స్త్రీకి జరిగిన అన్యాయాన్ని నేను మరచిపోలేదు. ఆ ధర్మం మనకు అక్కరలేదు. కాని ఆ పని చేసిన కవి ధైర్యం కావాలి. న్యాయశాస్త్రం తెలుగులో ఇమడదనే మాట ఏడువందల ఏండ్లకు పూర్వమే అబద్ధమని తేలిపోయింది. విశాఖపట్నంలో ప్లీడరుగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు కోర్టు వరండాలోని బీదవాళ్ల మాటను మన కథలలోకి తీసుకువచ్చారు. వరండా మాట సాహిత్యంలోకి వచ్చింది. కోర్టు లోపలి మాట వరండాలోకి ఇంతవరకూ రాలేదు.

ఇక్కడ నా సొంత నేరం కూడా ఒప్పుకోవాలి. నేను పది సంవత్సరాలుగా తరగతిలో కేతన పేరు చెబుతున్నాను. ఆంధ్ర భాషాభూషణం రాశాడు, దశకుమార చరిత్ర రాశాడు, విజ్ఞానేశ్వరీయం రాశాడు అని మూడు గ్రంథాల పేర్లు రాయిస్తాను. పరీక్షలో దానికి రెండు మార్కులు. ఆ మూడవ గ్రంథం ఏ అవసరం తీర్చిందో, అటువంటి అవసరం మా వీధి చివర నేడు వున్నదో లేదో నేనెన్నడూ ఆలోచించలేదు. పెద్దమ్మ సంచీతో వచ్చేదాకా నా చదువుకు ఆ ప్రశ్న తట్టలేదు.

కనుక మనం కోరవలసినవి ఏమిటి? నా మనస్సులో మూడున్నాయి. మొదటిది, ఏ తీర్పును రిపోర్టులకు పంపాలో, ఏది అక్కరలేదో నిర్ణయించే కొలతలు బహిరంగంగా వుండాలి. కొత్త సూత్రమే గాక, పాత సూత్రం అమలు కాకపోవడాన్ని చూపే తీర్పు కూడా ప్రచురణార్హమని గుర్తించాలి. రెండవది, సామాన్యుల భూమికి, కూలికి, పింఛనుకు సంబంధించిన ప్రతి హైకోర్టు తీర్పుకూ తెలుగులో ఒక పుట సారాంశం ప్రభుత్వమే ప్రచురించి తహశీల్దారు కచేరీలలో, పంచాయతీ కార్యాలయాలలో వుంచాలి. మూడవది, తెలుగు తీర్పుకు తెలుగులోనే అధికారం వుండాలి. అందుకు చట్టం మారాలి.

ఈ మూడూ రాజ్యం చేయవలసినవి. అంతవరకూ మనం చేతులు ముడుచుకోనక్కరలేదు. మన కళాశాలల తెలుగు శాఖలు, మన సంఘం శాఖలు, న్యాయశాస్త్ర విద్యార్థులు కలిసి కూర్చుంటే, నెలకు పది తీర్పుల సారాంశాన్ని నిక్కమైన తెలుగులో రాయలేమా? తీర్పు మూలపాఠాన్ని వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, అది మనదే. మన సాహిత్య విమర్శ పద్యపాదాల మీద ఎంత శ్రమపడుతున్నదో, అందులో పదవవంతు ఈ పని మీద పడితే చాలు.

ఆ రోజు రాత్రి కూర్చొని పదునాలుగు పుటల సారాన్ని ఒకటిన్నర పుటలో తెలుగులో రాశాను. తెలియని చోట్ల తెలిసిన ప్లీడరును అడిగి సరిచూసుకొన్నాను. మర్నాడు పెద్దమ్మకు చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నది. 250 రూపాయలు కాదని, సొంత పట్టావాళ్లకు కట్టే లెక్కనే తనకూ కట్టాలని తీర్పు అన్నదని తెలిసి ఆమె ముఖం వికసించింది. కాసేపాగి రెండు ప్రశ్నలు అడిగింది.

"ఈ తెలుగు కాగితం ఆఫీసులో చూపిస్తే చెల్లుతుందా బాబూ?"

"చెల్లదమ్మా. ఆ ఇంగ్లీషుదే చూపించాలి" అన్నాను.

"పోనీ, మా పక్క చేనావిడది కూడా ఇలాగే పోయింది. ఆవిడకీ ఇది పనికొస్తుందా?"

ఈ రెండవ ప్రశ్నకు న్యాయశాస్త్రం చెప్పే జవాబు "అవును". మొదటి పుటలో అచ్చయిన జవాబు "కాదు". ఏది చెప్పాలో నాకు కొంతసేపు తోచలేదు. చివరకు, ఆ పక్క చేనావిణ్ణి కూడా వెంటబెట్టుకు రమ్మని చెప్పాను.